అమ్మ సాక్ష్యాన్ని నిలబెట్టిన ఉస్తాద్

సోమవారం ఉదయం వాక్యం చదువుకుని బైబిలు మూస్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఉస్తాద్ పోయారు. నిద్రలోనే." ఫోన్ పెట్టేసి మోకరించాను. ప్రార్థన మధ్యలో నవ్వొచ్చింది. ఆయన్ని తలచుకుంటే ఎప్పుడూ అంతే, సంబరమే ముందొస్తుంది. అందుకే ఇది ఏడుస్తూ రాయడం లేదు.

సీతాఫల్‌మండిలో మా ఇంటికి రెండు సందుల అవతల, కార్లు బాగుచేసే ఆయన రేకుల షెడ్డు. తాతల నాటి నుంచి ఇక్కడివారు. మేమేమో నాన్నగారి ఉద్యోగం వెంట కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. వీధంతా ఆయన్ని ఉస్తాద్ అనేది. నేను "ఉస్తాద్ గారూ" అంటే, "గారెందుకు పెద్దక్కా, నేనేమన్న కలెక్టర్‌నా?" అనేవారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అయినా మా తమ్ముడూ చెల్లెళ్ళూ పిలిచినట్టే ఆయనా నన్ను పెద్దక్కనే చేశారు.

కారు ఏదొచ్చినా ముందు పనిముట్టు పట్టేవారు కాదు. చుట్టూ ఒకసారి నడిచేవారు. ఒక మూల అరచేత్తో నొక్కి వదిలేవారు. "ఒక్కసారి లేసి కూసుంటే మంచిగున్నట్టు. ఉయ్యాల లెక్క ఊగితే షాక్ అబ్జార్బర్ల పని అయిపోయినట్టు." తర్వాత టైరును చేత్తో తడిమేవారు. ఒక అంచు ఎక్కువ అరిగితే ఆగేవారు. "టైరు మీద అంత రాసే ఉంటది. సదువు రావాలె."

ఇంకో అలవాటుండేది. జబ్బేమిటో తాను చెప్పేవారు కాదు. మన చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టేవారు. "నువ్వే చెప్పు" అనేవారు. ఎంత పెద్ద ఆఫీసరైనా చొక్కా చేతులు మడిచి వంగాల్సిందే.

నాన్నగారు పోయాక ఆయన అంబాసిడర్ నా చేతికొచ్చింది. అప్పటికే ముసలిది. ఒక వేసవిలో స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. సందు మలుపు తిప్పేసరికి భుజాలు పీకేవి. తిన్నగా పోనిస్తే ఎడమకు లాగేది. ఉస్తాద్ చూస్తే కూతురి ఊరికి వెళ్ళి వారం రోజులుగా లేరు. "ఆయనొచ్చేదాకా ప్రార్థనలో పెడదాం" అంది అమ్మ. మూడు రోజులు బానెట్ మీద చేతులుంచి ప్రార్థన చేశాం.

గురువారం సాయంత్రం మెదక్ ప్రార్థన కూటాలకు ఇవ్వాల్సిన బియ్యం నాలుగు బస్తాలు డిక్కీలో వేశాం. హార్మోనియం, గిన్నెలు కూడా సర్దాం. చర్చి దగ్గరికని బయల్దేరి స్టీరింగ్ తిప్పాను. ఒక్క వేలితో తిరిగింది! నేను అరిచిన అరుపుకు అమ్మ ఉలిక్కిపడింది. ఇద్దరం కారులోనే కన్నీళ్ళతో స్తోత్రం చెప్పుకున్నాం. శుక్రవారం స్త్రీల కూడికలో అమ్మ లేచి, దేవుడు మా స్టీరింగ్ తేలిక చేశాడని సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

శనివారం సాయంత్రం నాలుగింటికి మెదక్‌లో మా బృందం పాడాలి. తమ్ముడు వ్యాన్ మాట్లాడదామన్నాడు. "దేవుడు బాగుచేసిన కారుండగా వ్యానెందుకురా?" అంది అమ్మ. వాడు సంచి భుజానేసుకుని, "నేను మధ్యాహ్నం బస్సులో వస్తానమ్మా, నాకంత విశ్వాసం లేదు" అని వెళ్ళిపోయాడు.

ఉదయం ఏడింటికి, బస్తాలు డిక్కీలో అలాగే ఉండగా, నేనూ అమ్మా ముందు, తెల్లచీరల్లో పాడే అక్కచెల్లెళ్ళు నలుగురు వెనక ఇరుక్కుని బయల్దేరాం. సందు చివర ఎవరో రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డారు. ఉస్తాద్! అప్పుడే రైలు దిగినట్టున్నారు, చంకలో సంచి.

"ఆపు పెద్దక్కా! ఏందీ, కారు మొగం ఆకాశం దిక్కు పెట్టింది?"

"స్టీరింగ్ బాగైపోయింది ఉస్తాద్ గారూ! ఒక్క వేలితో తిరుగుతోంది!"

ఆయన నవ్వలేదు. చుట్టూ నడిచారు. వెనక చక్రం దగ్గర వంగారు. "అందరు దిగుండ్రి" అన్నారు. నా చెయ్యి తీసుకుని చక్రం పక్కన బరువు మోసే ఇనప పట్టీల కట్ట మీద పెట్టారు. దాన్నే కమాన్ కట్ట అంటారు.

"నువ్వే చెప్పు."

వేలికి పగులు తగిలింది. దాని కింద ఇంకొకటి. "రెండు పట్టీలు విరిగాయి" అన్నాను.

"ఎనక కూసున్నది, ముందర లేసింది. ముందు చక్రాలు నేలను గట్టిగ పట్టుకుంటలేవు. అందుకే అల్కగ తిరుగుతున్నది. మెదక్ రోడ్డు మీద లారీ ఎదురొచ్చిందనుకో. నువ్వు తిప్పుతవు. కారు జెర సోంచాయించి, ఆలస్యంగ తిరుగుతది."

మీలో పాత కారు నడిపినవారికి ఆ మాట వెన్నులోకి దిగే ఉంటుంది. అమ్మ మొహం పాలిపోయింది.

"మేస్త్రీ, సంఘం ముందు సాక్ష్యం చెప్పేశానయ్యా!"

"ఏమని?"

"స్టీరింగ్ తేలికైందని."

నవ్వుతారనుకున్నాం. ఆయన సంచి అమ్మ చేతికిచ్చారు. "చెప్తే చెప్పినవ్ తియ్యమ్మా. అబద్ధం కాకుంట నేను చేస్త. పాట ఎన్నిటికి?"

"నాలుగింటికి."

"అయితే షురూ."

ప్రయాణం బట్టలు కూడా మార్చుకోలేదు. బస్తాలు దించగానే స్టీరింగ్ మళ్ళీ రాయి అయింది. షెడ్డులో దాచిన మంచి పట్టీలు ఏరి విరిగినవాటి చోట బిగించారు. తర్వాత ముందు భాగం జాకీ మీద లేపారు. నన్ను స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెం కదపమని, తాను కిందికి దూరారు. నన్నూ పిలిచి, చక్రాన్ని తిప్పే కడ్డీ చివర కీలు మీద చెయ్యి పెట్టించారు. పాడేవాళ్ళలో ఒకామె పైన స్టీరింగ్ కదిపింది. అరచేతిలో టక్, టక్.

"ఇదే లాగుతోంది!" అన్నాను.

"మస్తు! ఇగ నా షెడ్డు నీకు రాసిస్త, తీసుకో."

కీలు మార్చారు. మిగతా కీళ్ళ లోపల గ్రీజు ఎండి మట్టిలా రాలింది. దాన్నంతా తుడిచి కొత్తది ఎక్కించారు. ముందు టైర్లలో గాలి సగమే ఉంది, అదీ పట్టారు. చివరగా చక్రాల వరస చూడాలి. అందుకు ఆయన దగ్గరున్నది నూలు దారం. వెనక టైరు నుంచి ముందు టైరు దాకా రెండు పక్కలా లాగి పట్టాలి. పాడేవాళ్ళు నలుగురూ తెల్లచీరల కొంగులు దోపుకుని కొసలు పట్టుకున్నారు.

"కదలకుండ్రి! పాటల ఒక్క గొంతు మీద ఉంటరు చూడు, గట్ల ఉండాలె!"

"శ్రుతి కలిసిందా ఉస్తాద్?" అంది ఒకావిడ.

"ఎడమ దిక్కు జెర అపస్వరం ఉన్నది. ఆగు." కీలు దగ్గర మరొక్క చుట్టు తిప్పారు.

పదకొండున్నర. బస్తాలు మళ్ళీ డిక్కీలోకి ఎక్కాయి. బరువు లేకుండా చూస్తే చూసినట్టు కాదనేవారు. కారు మొహం ఇప్పుడు రోడ్డునే చూస్తోంది, అయినా స్టీరింగ్ తేలిగ్గానే తిరిగింది. మిగతావాళ్ళను షెడ్డులో ఉంచి, కారు నడిపి చూడమని నన్ను తిరుమలగిరి వైపు తీసుకెళ్ళారు.

మూడున్నరకు మెదక్ చేరాం, పాడాం. బస్సులో వెళ్ళిన తమ్ముడు మాకన్నా వెనక వచ్చాడు. మరుసటి శుక్రవారం అమ్మ మళ్ళీ లేచి, దేవుడు ఎవరి చేతులతో తేలిక చేశాడో కూడా చెప్పింది. ఆ చేతుల పక్కన నా చెయ్యి పెట్టనిచ్చినందుకు నేనిప్పటికీ కృతజ్ఞురాలిని.

కానీ ఫోన్ పెట్టేసిన క్షణం నుంచి నా కళ్ళముందున్నది ఆ మధ్యాహ్నపు తిరుమలగిరి రోడ్డే. మిలిటరీ గోడల మధ్య గీత గీసినట్టు తిన్నగా, ఖాళీగా ఉంది. "మెల్లగ పోనియ్. ఇగ చేతులు ఇడువు" అన్నారు. భయపడుతూ వదిలాను. నా అరచేతులు స్టీరింగ్ మీద అంగుళం ఎత్తులో, తెరిచి ఉన్నాయి. కారు ఇటూ అటూ చూడకుండా సాగిపోతోంది. పక్కన ఉస్తాద్ గ్రీజు చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, తలుపు మీద దరువేస్తూ అరుస్తున్నారు: "పట్టుకోకు పెద్దక్కా, పట్టుకోకు! పోనియ్!"