పెద్దక్షరాలు

కొర్నేలికి కోపం ముక్కు మీదే ఉంటుంది. భిలాయి ఉక్కు కర్మాగారంలో పాతికేళ్ళ ఉద్యోగం, సెక్టర్ 2 మైదానంలో పదిహేనేళ్ళుగా కరాటే నేర్పడం. రెండు చోట్లా తన మాటే చెల్లాలి.

భిలాయి ఉన్న రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో సైబర్ కేఫ్‌లో కూర్చుని, ఇంటర్నెట్‌లో కరాటే మాస్టర్ల గ్రూపులో చేరాడు. అదే ఊళ్ళో క్యాంప్ 1 పేటలో కరాటే నేర్పే సూర్యప్రకాష్, తన్నేటప్పుడు నిలబడ్డ కాలి మడమ కాస్త లేవాలని అందులో రాశాడు. మడమ నేల విడవకూడదని కొర్నేలి ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాలతో జవాబిచ్చాడు. అరవొద్దని అతను రాశాడు. ఎవడరిచాడని ఇతను మండిపడ్డాడు. వారం రోజులు మాటకు మాట పెరిగింది. చివరికి కొర్నేలి, ఆదివారం చర్చి అయ్యాక మైదానానికి రమ్మన్నాడు.

సూర్యప్రకాష్ వచ్చాడు. ఇద్దరూ వంగి నమస్కరించుకున్నారు. నమస్కారం పెట్టాక పరుషంగా మాట్లాడటం కొర్నేలికి చేతకాదు.

"అన్నా, గ్రూపులో అలా అరిచేరేటి?"

"నానెప్పుడు అరిచేను?"

"నెట్లో పెద్దక్షరాలంటే అరవడమేనంట."

"మా మిల్లులో లాగ్‌బుక్కు అలాగే రాస్తాం తమ్ముడూ. తరవాత షిఫ్టోలకి తెలియాలి గదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. కొర్నేలి మడమ నేలకు అదిమి, గాలిలోకి ఒక్క తన్ను తన్నాడు. మడమ లేవక నిలబడ్డ కాలు తిరగలేదు, వెల్లకిలా పడ్డాడు. ఈసారి సూర్యప్రకాష్ నవ్వలేదు, చెయ్యి అందించాడు.

అట్నుంచి అటే ఇద్దరూ కేఫ్‌కి వెళ్ళారు. మడమ లేవాల్సిందే, తప్పు తనదేనని కొర్నేలి గ్రూపులో రాశాడు.

సూర్యప్రకాష్ తెర వైపు వంగి చూశాడు. "మళ్ళీ పెద్దక్షరాలే గదన్నా."

"తెలుసు. ఇది అరిచే చెప్పాలి."