యుద్ధ చరిత్ర చదివిన అన్నదమ్ములు

మా సుల్తానాబాద్ లైబ్రరీకి రోజూ వచ్చే రాజిరెడ్డి, లింగారెడ్డి సొంత అన్నదమ్ములు. పొలం గెట్టు దగ్గర గొడవపడి చాన్నాళ్లుగా మాటల్లేవు. ఇజ్రాయెల్, అరబ్బుల యుద్ధాల గురించి ఏం చదవాలని ఇద్దరూ విడివిడిగా అడిగితే, నా దగ్గరున్నవే ఇచ్చాను. అన్నకు ఇజ్రాయెల్ సైన్యం వైపు నుంచి రాసింది, తమ్ముడికి అరబ్బు సైన్యాల వైపు నుంచి రాసింది. రెండూ చదివితేనే చరిత్ర అర్థమవుతుంది, అయ్యాక మార్చుకోండి అని పెద్దమనిషిలా చెప్పాను కూడా.

ఈ రోజు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నాకు చెరో పక్కన కూర్చున్నారు. రాజిరెడ్డి తన పుస్తకం నా ముందు పెట్టి, "సారూ, గిది గాయనకు ఇయ్యుండ్రి" అన్నాడు. మూరెడు దూరంలో ఉన్న తమ్ముడు తనది నా వైపు తోసి, "గిది గాయనకు ఇయ్యుండ్రి సార్. పేజీలు మడవద్దని చెప్పుండ్రి" అన్నాడు. అటుది ఇటు, ఇటుది అటు జరిపాను.

"ఎట్లున్నయి పుస్తకాలు?" అని అడిగాను.

రాజిరెడ్డి నిట్టూర్చాడు. "ఏం జెప్పాలె సారూ! జర నేల కోసం గన్ని పానాలు పోయినయి. ఎదురెదురు కూసోని మాట్లాడుకుంటే ఒడిసిపోతుండె గదా?"

లింగారెడ్డి నా వైపే చూస్తూ, "గాయన మాట నిజమేనని గాయనకు చెప్పుండ్రి సార్" అన్నాడు.

చెప్పాను. ఇద్దరూ తృప్తిగా తలలూపి చదువుకోవడంలో పడ్డారు.

గెట్టు తగాదాల మీద మంచి పుస్తకం ఏదైనా మీకు తెలిస్తే కింద రాయండి. రెండు కాపీలు దొరికేదైతే మేలు. మళ్లీ మార్చుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు.