ఊడ్పుల పాటకు ఆఖరి చరణం

దివిసీమ రేగడికి చెప్పులంటే మహా ప్రీతి. కాలు తిరిగి ఇస్తుంది గానీ చెప్పు ఇవ్వదు. బందరులో కొన్న కొత్త జోడులో ఎడమదాన్ని ఆ ఏడు ఆషాఢంలో తనే ఉంచేసుకుంది. రెండోది చేత్తో పట్టుకుని మేనత్త ఇంటికి చేరాను. బి.ఏ. చదివినవాడు ఊళ్ళోకి రావలసిన పద్ధతి అది కాదని గుమ్మంలోనే చెప్పారు.

అత్తకి కడుపులో గడ్డ. బందరు ఆసుపత్రిలో చూసి, ఏది అడిగితే అది పెట్టమని పంపేశారు. అంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు. ఆమె తిండి అడగలేదు. పాట అడిగింది.

మా క్రైస్తవుల పేటలో ఒక ఆనవాయితీ ఉండేది. లేవలేరని తేలినవాళ్ళు తమ సమాధి దగ్గర పాడవలసిన పాటను ముందే ఎంచుకుంటారు. గుడిలో పాడేవాళ్ళు ఇంటికొచ్చి, మంచం మీది మనిషి వింటుండగా ఒకసారి పాడి సరిచూసుకుంటారు. అందరూ కీర్తనల పుస్తకంలోంచి ఎంచుకునేవారు. అత్త ఊడ్పుల పాట కావాలంది.

నాట్లేసేటప్పుడు చేలో ఆమె గొంతెత్తితే వరసలో ఆడవాళ్ళంతా అందుకునేవారు. పాటలో సంగతి ఇంతే. ఒకామె నెత్తిన మూటతో రేవులో నిలబడి పడవవాణ్ణి పిలుస్తుంది. వస్తున్నానంటాడు. పొద్దు గూకుతుంది, పోటు ఎక్కుతుంది. నీళ్ళు పాదాలు దాటి, మోకాళ్ళు దాటి, నడుము దాకా వస్తాయి. ఆమె పిలుస్తూనే ఉంటుంది. ఈలోగా ఊడ్చేవాళ్ళు వెనక్కి నడుస్తూ గట్టు చేరతారు, నడుం ఎత్తుతారు, పాట ఆగిపోతుంది. ఆ తరవాతి ముక్క విన్నవాళ్ళెవరూ లేరు.

గుడివాడ రైసు మిల్లులో గుమాస్తాగా చేసే మా బాబాయి లెక్కలో అది రేవు కాంట్రాక్టరు మీద ఫిర్యాదు. సంఘపెద్దలకి అంతకంటే చెడ్డ అర్థం తోచింది.

"పొద్దుగూకే వేళ ఆడమనిషి పడవవాణ్ణి పిలవడమేంటండీ? సమాధి కాడ పాడేదేనా అది?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

అత్త తరఫున నేను లేచాను. "పడవవాడంటే ప్రభువండీ."

"మరి రేవో?"

"ఈ లోకం."

"నెత్తిన మూట?"

"పాపభారం."

"పోటు నీళ్ళు?"

"మరణమండీ."

పరీక్ష హాల్లో నాకు ఏ జవాబూ ఇంత తొందరగా తట్టలేదు. తట్టి ఉంటే ఆ బి.ఏ. అన్నేళ్ళు పట్టేది కాదు.

పాస్టరు అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బాగానే ఉంది బాబూ. ఇంతకీ పడవ వచ్చిందా?"

"వచ్చే ఉంటుందండీ."

"ఉంటుందంటే కుదరదు. సువార్త అన్నాక రావాలి."

అలా పడవ రావడం తీర్మానమైంది. హార్మోనియం వాయించే ఆయన కొత్త చరణం ఒకటి కట్టాడు. అందులో పడవ వస్తుంది, పడవవాడు చెయ్యి అందిస్తాడు, అవతలి ఒడ్డున దీపాలు కూడా ఉంటాయి. మా ఊరి ఏ రేవులోనూ దీపం లేదు, ఆయన ఉదారుడు.

పాటకి ఒప్పుకున్నారని చెబితే అత్త ఆ పూట గంజి అడిగి తాగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వచ్చి ఆమె పంచలో నిలబడ్డారు. అత్తతో ఊడ్చిన ఆడవాళ్ళే సగం మంది. నిలువుగా నిలబడి ఆ పాట పాడటం వాళ్ళకి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పైట కొంగులు పట్టుకున్నారు. చేతివేగానికి పరిగెత్తే పాటని హార్మోనియం పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మది నేర్పింది. అయినా అత్త పెదవులు కదిలాయి. మోకాళ్ళ నీళ్ళ దాకా కదిలాయి, నడుం నీళ్ళ దాకా కదిలాయి. కొత్త చరణం ఎత్తుకోగానే ఆగిపోయాయి.

ఆమేన్ అన్నారు. అయ్యగారు మంచం మీదికి వంగారు. "తృప్తేనా అమ్మా? నువ్వడిగిన పాటేగా?"

అత్త ఆయనకేసి చూడలేదు. తల తిప్పి నావైపు చూసింది.

"పడవ వచ్చిందని నీకెవరు చెప్పార్రా?"