నానమ్మ మానేసిన మాత్ర

నా చిన్నప్పుడు మౌలాలి రైల్వే కాలనీలో మా నానమ్మ ప్రాణం కాపాడింది నేనేనని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఆవిడను భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా పరుగెత్తానని నా పిల్లలకూ చెప్పాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. నానమ్మ నాకు మూడింతలు. అసలు జరిగింది వేరు.

నానమ్మ రైలు గార్డయిన తాతయ్యతో కోస్తా నుంచి వచ్చి, ఇక్కడి బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. గుండె దడ, నొప్పి వస్తుంటే డాక్టరు గారు ఒక మాత్ర రాశారు. గుండె వేగాన్ని అదుపులో పెట్టే మాత్ర. దాంతో కుదుటపడింది. ఆ కుదుటపడటమే కొంప ముంచింది. మా చర్చిలో ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి. అవి ముగిశాక వచ్చే ఆదివారం స్వస్థత పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. మాత్రలు మింగుతూ స్వస్థత అని ఎలా చెబుతావని ప్రార్థన గుంపులో ఒక పెద్దావిడ అడిగిందట. నానమ్మ ఆ రోజే మాత్ర మానేసింది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నోరు మూసుకున్నందుకు నాకు పూటకో బిస్కెట్.

మూడో రోజు పొద్దున వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. చీర మీదుగా గుండె ఎగిరిపడటం కనిపించిందని ఇన్నాళ్లూ చెప్పాను. కనిపించలేదు. ముఖమంతా పట్టిన చెమటలు మాత్రం చూశాను. ఎవరికీ చెప్పకు నాన్నా అంది. నేను పరుగెత్తి పక్కింటి అక్కకు మాత్ర సంగతి చెప్పేశాను. ప్రేమతో అనుకునేరు. ఆ పూట బిస్కెట్ ఇవ్వలేదన్న కక్షతో.

అక్క ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి బయలుదేరుతున్నది కాస్తా చెప్పులు కూడా లేకుండా వచ్చి నానమ్మ చేయి పట్టుకుని నాడి చూసింది.

“ఏంది టీచరమ్మా, గిట్ల జేసినవ్? దిగుడు మీద బండి పోతుంటే బ్రేకు ఒక్కసారి ఇడుస్తరా? మీ సారు గార్డు గదా, జెర యాది జేస్కో.”

“ఉపవాసంలో ఉన్నానమ్మా.”

“ఉపవాసం అన్నానికి, మాత్రకు గాదు. దేవునికి నేను జవాబు చెప్త, నువ్వు రిక్షా ఎక్కు.”

డాక్టరు గారు వారం రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. గుండె ఆ మాత్రకు అలవాటు పడి ఉంటుందనీ, ఒక్కసారిగా ఆపితే మునుపటికంటే రెచ్చిపోయి ప్రాణం మీదికి తెస్తుందనీ, ఆపాల్సి వస్తే తానే కొంచెం కొంచెంగా తగ్గిస్తాననీ నాక్కూడా అర్థమయ్యేలా చెప్పారు.

సాక్ష్యాల ఆదివారం నానమ్మ కూడా లేచింది. పెద్దావిడ ముందు వరసలో చేతులు జోడించి కూర్చుంది.

“నేను మాత్ర మానేశాను. మానమని దేవుడు చెప్పలేదు. మీరు చెప్పారు” అంది నానమ్మ. సంచిలోంచి మాత్ర తీసి, అందరూ చూస్తుండగా నీళ్లతో మింగి కూర్చుంది. ఆ పెద్దావిడ ఏడాది పాటు మాతో మాట్లాడలేదు. నానమ్మా పలకరించలేదు.

నలుగురి మెప్పు కోసం మాత్ర మానకూడదన్న మొండితనం నాకు ఆ రోజే అంటింది. ఇప్పుడు నాకూ అలాంటి మాత్రే. మారేడ్‌పల్లి పార్కులో నాతో నడిచేవాళ్లు, “మంచిగనే ఉన్నవ్ గదన్నా, ఇంకెన్ని దినాలు, బంద్ చెయ్” అంటారు. మంచిగున్నది దాని పుణ్యానేనంటాను. రోజూ మాత్రకు ముందు నాడి లెక్కపెట్టుకుంటాను. అది మరీ నెమ్మదించినా, కళ్లు తిరిగినా డాక్టరు దగ్గరికి పోతాను తప్ప నా అంతట నేను ఆపను.

మొన్న ఒక మిత్రుడు దడగా ఉందని నా మాత్ర ఒకటి అడిగాడు. వాడికి ఉబ్బసం. ఈ మాత్ర వాడికి ఊపిరాడకుండా చేయగలదు. ఇవ్వనన్నాను. పిసినారినని పార్కంతా చాటి, నాతో మాటలు మానేశాడు. మానేయనివ్వండి. ఊపిరంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడతాడు.