సీసం మానేసిన ఎయిజో

షిబేచా ఊరి పాలరైతులు ఎయిజోని "రెండో గుండు అక్కర్లేనివాడు" అనేవారు. చిత్తడి నేల అంచున నూటయాభై మీటర్ల దూరంలో జింక తలెత్తితే చాలు, ఒక్క గుండుకే కూలబడేది. ముప్ఫై ఏళ్లుగా ఒకటే రైఫిల్, ఒకటే రకం తూటా. గుండు లోపలంతా సీసం, పైన పల్చటి రాగి తొడుగు. మామూలు రోజుల్లో పాలకేంద్రానికి లారీ తోలేవాడు. శీతాకాలం సెలవుల్లో చిన్నప్పటి నేస్తం ఒరికాసాతో వేటకు వెళ్లేవాడు. పచ్చిక పాడుచేసే జింకలను కొట్టమని రైతులే కబురు పెట్టేవారు. ఇద్దరూ మాంసం కోసుకుని, పేగులు మంచులో వదిలేసి వచ్చేవారు. ఆ చుట్టుపక్కల అందరూ చేసేది అదే.

ఒక ఫిబ్రవరిలో, తాను రెండు రోజుల కిందట వదిలిన పేగుల పక్కన ఒక సముద్రపు గద్ద కూర్చుని ఉండడం చూశాడు ఎయిజో. దగ్గరికి వెళ్లినా ఎగరలేదు. మెడ వాలిపోతోంది. మంచు మీద రెట్ట ఆకుపచ్చగా పడి ఉంది. కోటు విప్పి దాన్ని చుట్టి, లారీలో పక్క సీటు మీద పెట్టుకుని కుషిరో పట్నంలో పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాడు. మర్నాటికి చచ్చిపోయింది.

ఆమె ఎక్స్‌రే చూపించింది. కడుపు నిండా తెల్లటి చుక్కలు.

"ఇవేంటమ్మా?"

"సీసమండీ. జింకకి తగలగానే గుండు పొడిపొడి అయిపోతుంది కదా. ఆ పొడి పేగుల్లో ఉంటే గద్దలు తినేస్తాయి. ఈ చలికాలంలో ఇది పదకొండోది."

"ఇందులోది నా గుండే," అన్నాడు ఎయిజో.

ఆమె ఎక్స్‌రేని కవరులో పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి దారి పొడవునా అనిపించింది.

ఇంట్లో ఉన్న తూటాలన్నీ తుపాకుల దుకాణంలో తిరిగి ఇచ్చేసి, గుండు మొత్తం రాగితో చేసినవి తెచ్చుకున్నాడు. అప్పటికి చట్టమేమీ లేదు. ఒరికాసా నవ్వాడు.

"గద్దకి మొక్కుకున్నావేంట్రా? నీ ముసలి గొట్టానికి రాగి పడదు, చూస్తావుగా."

పడలేదు. వంద మీటర్లలో సీసం గుండ్లు ఐదుకి ఐదూ సాకే సారా తాగే చిన్న గిన్నె మూసేంత చోటులో పడేవి. అదే బరువున్న రాగి గుండ్లు పెద్ద పళ్లెమంత మేర చెదిరాయి. గురి కాగితం మీద రెండు చిల్లులు గుండ్రంగా కాక పొడుగ్గా చిరిగాయి. గుండు అడ్డం తిరిగి తగిలిందన్నమాట. అక్కడితో ఆగవలసింది. దగ్గరికి పోయి కొడితే సరిపోతుందిలే అనుకున్నాడు.

డిసెంబరులో నాకాయ్ అనే రైతు పచ్చికలో, ఎయిజో ఎనభై మీటర్ల నుంచి ఒక ఆడజింకని కొట్టాడు. భుజం వెనక తగలాల్సింది పొట్టలో తగిలింది. జింక వంగిపోయి పొదల్లోకి నడిచింది. అతనూ ఒరికాసా నెత్తుటి చుక్కలు పట్టుకుని వెళ్లారు. మధ్యాహ్నానికి మంచు కురిసి చుక్కల్ని కప్పేసింది.

"ఇంక పదరా," అన్నాడు ఒరికాసా.

"ఇక్కడే ఎక్కడో ఉంటుంది."

"ఉంటుంది. చావడానికి దానికి రేపటిదాకా పడుతుంది. గద్దల్ని కాపాడతానని జింకని ఇలా చేశావు. ఏం బావుకున్నావు?"

ఎయిజో అతని వెంట లారీ దగ్గరికి నడిచాడు. మర్నాడూ, ఆ మర్నాడూ ఒక్కడే వెళ్లి వెతికాడు. దొరకలేదు. భార్య మసాయో తడిసిన అతని బూట్లు పొయ్యి దగ్గర ఆరబెడుతూ, "ఏవండీ, ఇంక చాలు," అంది. ఆ చలికాలం అతను మళ్లీ రైఫిల్ తీయలేదు.

వసంతంలో దుకాణం ముసలాయన గొట్టంలోకి దీపం వేసి చూసి విషయం చెప్పాడు.

"రాగి సీసం కన్నా తేలిక. అదే బరువు రావాలంటే గుండుని పొడుగు చెయ్యాలి. పొడుగు గుండు తిన్నగా పోవాలంటే గిర్రున తిరగాలి. నీ గొట్టంలో గుండుని తిప్పే గాడులకి అంత మెలిక లేదు. బరువు తగ్గించు, గుండు పొట్టిగా ఉంటుంది. ముందు లోపల పేరుకున్న మడ్డంతా తియ్యి."

ఎయిజో గొట్టాన్ని నాలుగు రోజులు తోమాడు. మూడు రకాల బరువులు కాల్చి చూశాడు. ఆగస్టుకి తేలిక రాగి గుండ్లు ఐదూ అరచేయంత చోటులో పడ్డాయి. మునుపటంత కాదుగానీ, వంద మీటర్ల లోపు జింకకి చాలు. అప్పుడు నాకాయ్‌కి ఫోన్ చేశాడు.

"తుపాకీ కుదిరిందండీ. ఈ ఏడు వస్తాను."

"సంతోషమండీ," అన్నాడు నాకాయ్. "ఈసారికి ఒరికాసా గారిని రమ్మన్నాను. ఏమీ అనుకోకండి. మా ఆవిడ ఆ జింకని చూసింది. మా కంచె దగ్గరే రాత్రంతా చావలేక పడి ఉందట."

ఎయిజో ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులు ఎక్కడెక్కడో వెతికాడు గానీ కంచె వైపు వెళ్లనేలేదు.

రెండేళ్లకి జింకల వేటలో సీసం వాడకూడదని చట్టం వచ్చింది. ఒరికాసా కొత్త రైఫిల్ కొన్నాడు. మొదటి రోజునుంచే రాగి దానికి చక్కగా పడింది. ఎయిజో గురించి ఎవరూ తప్పుగా మాట్లాడలేదు, వేటకూ పిలవలేదు. ఏడాదికి ఒక జింక, ఇంటి మట్టుకు, ఒంటరిగా కొట్టుకునేవాడు. యాభై మీటర్ల లోపుకి వస్తే తప్ప మీట నొక్కేవాడు కాదు. చాలాసార్లు ఊరికే తిరిగొచ్చేవాడు.

అరవై ఎనిమిదో ఏట కళ్లకి పొర కమ్మడంతో లైసెన్సు వదులుకున్నాడు. రైఫిల్ అమ్ముదామని దుకాణానికి పట్టుకెళ్తే, ఇప్పుడు ముసలాయన కొడుకు కూర్చుంటున్నాడు అక్కడ.

"ఈ గొట్టానికి బరువు రాగి పడదు కదా, పెద్దాయనా. ఎవరూ కొనరు. పనికి రాకుండా గొట్టం కోసేయడమే. మీరు బయట కూర్చోండి."

"లేదు బాబూ, ఉంటాను," అన్నాడు ఎయిజో.

రంపం సగం దాకా దిగి బిగుసుకుపోయింది. కుర్రాడు నూనె చుక్క వేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఎయిజో బల్ల అవతలి వైపుకి వచ్చి, గొట్టం కదలకుండా రెండో కొసని రెండు చేతులా పట్టుకున్నాడు.