ముందు కాగితం

ఈమధ్య పొద్దున్నే పేపరు విప్పితే చాలు, కోట్లు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు నీలం అట్టల ఫైళ్ళు చేతపట్టుకుని నవ్వుతున్న ఫోటో ఒకటి కనిపిస్తుంది. మన విశాఖపట్నంలో ఫలానా ఫ్యాక్టరీ పెట్టడానికి అవగాహన ఒప్పందం కుదిరిందని దాని కింద రాసి ఉంటుంది. అది చదివి మా ఆయన ఫ్యాక్టరీ వచ్చేసినట్టే సంబరపడిపోతారు. నేను కాఫీ గ్లాసు ఆయన ముందు పెడుతూ, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటాను. అలా అన్నానని నాకు ఆ కాగితాలంటే చులకన అనుకునేరు. అసలు ఒప్పందంలో కంటే దానికి ముందు రాసుకునే కాగితంలోనే మనుషుల బుద్ధి బయటపడుతుందని నాకు ఇరవై రెండో ఏటనే తెలిసొచ్చింది.

మా నాన్నగారు పోర్టులో ఉద్యోగం రాగా గోదావరి జిల్లా నుంచి మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. ఆయన రిటైరయ్యేనాటికి తమ్ముళ్ళిద్దరూ ఇంకా చదువుల్లోనే ఉన్నారు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో టైపు హయ్యర్ పాసైన ఆడపిల్ల అంటే ఇంటికి ఒక కొడుకు ఎక్కువున్నట్టే. అలా నేను ఫిషింగ్ హార్బరు దగ్గర, పైదేశాలకు రొయ్యలు పంపించే ఒక చిన్న కంపెనీలో టైపిస్టుగా చేరాను. జీతం మాట ఎలా ఉన్నా, సాయంత్రం ఇంటికొచ్చే బస్సులో నా పక్క సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండేది, ఎందుకో వేరే చెప్పక్కర్లేదుగా!

మా యజమాని చెడ్డవాడు కాదు, కాకపోతే గట్టు దిగకుండా చేపలు పట్టాలనుకునే రకం. పైదేశం నుంచి ఒక పెద్ద బేరం వచ్చేలా ఉంది, వస్తే రొయ్యలు ఒలిపించడానికి ఆయనకు ఒక మంచి షెడ్డు కావాలి. హార్బరుకు దగ్గరలో అలాంటి షెడ్డు ఒక జాలరి ఇంటి ఆడమనిషికి ఉండేది. ఆవిడ భర్త సముద్రం మీద వేటకు వెళ్తే, ఆవిడ తన పేటలోని పన్నెండుమంది ఆడవాళ్ళను కూడగట్టుకుని, చిన్న వ్యాపారులు తెచ్చిన రొయ్యలు అక్కడ ఒలిచి ఇచ్చేది. నేను ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని. షెడ్డు అద్దెకిస్తాను, కానీ నా పన్నెండుమందికీ అందులో పని ఉండాలి అన్నది అక్క షరతు. మా యజమాని సరేనన్నాడు, ముందు ఒక కాగితం రాసుకుందాం, అసలు ఒప్పందం మూడు నెలల తర్వాత చూసుకుందాం అన్నాడు.

ఆ కాగితం టైపు కొట్టింది నేనే. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. మూడు నెలలూ ఆ షెడ్డును ఆవిడ ఇంకెవరికీ ఇవ్వకూడదు, వేరే వ్యాపారుల సరుకు అందులోకి రానివ్వకూడదు; కంపెనీ మాత్రం చివరికి షెడ్డు తీసుకోవచ్చు, మానుకోవచ్చు. పన్నెండుమంది పని సంగతి అసలు ఒప్పందం నాడు ఆలోచించబడును. కొడుతూ ఉండగానే నా గుండెల్లో రాయి పడింది. రొయ్యల కాలమంతా షెడ్డు ఖాళీగా ఉంటే ఆ చిన్న వ్యాపారులు మరో చోటు చూసుకుంటారు, ఆ తర్వాత మా బేరం కుదరకపోతే వీళ్ళు ఎవరి గుమ్మం ఎక్కుతారు? కానీ నోరు మెదపలేదు. మా ఇంట్లో కుండ నా జీతంతోనే ఉడుకుతోంది మరి.

వేలిముద్ర వేయడానికి అక్క ఒక్కతే వస్తుందనుకున్నాం. పన్నెండుమందినీ వెంటబెట్టుకుని వచ్చింది! వాళ్ళ పేటలో పడవలో వాటా కుదుర్చుకున్నా, పెళ్ళి మాట అనుకున్నా, పదిమంది చెవినా పడితేనే అది మాట కిందకు వస్తుందట. అందరూ ఆఫీసులో నేలమీద కూర్చున్నారు. మా యజమాని గడియారం చూసుకుంటూ, ఇది ఊరికే ముందు కాగితమమ్మా, వేలు వేసెయ్యి అన్నాడు. అక్క ఆయన వైపు చూడనైనా చూడలేదు, నాకేసి తిరిగింది.

“నాను సదువుకోనేదు సెల్లీ. ఇందల ఏటి రాసినారో మా అందరికీ ఇనపడేటట్టు సదివి సెప్పు.”

మొదటి పేజీ తెలుగు చేసి గబగబా చెప్పేశాను. కంపెనీ మాత్రం తీసుకోవచ్చు, మానుకోవచ్చు అన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాను. దాన్ని దాటేసి కింది వాక్యానికి పోవడం ఎంతసేపు? యజమాని చూపు కూడా అదే చెబుతోంది. ఎదురుగా పన్నెండుమంది, రొయ్య ముళ్ళు గుచ్చుకుని పగిలిపోయిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని, నేను చెప్పిందల్లా నిజమేనని నమ్మేస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏమైతే అయిందని, ఉన్నదున్నట్టు చదివేశాను.

అది విని అక్క ఫక్కున నవ్వింది.

“ఓలమ్మ! అయితే బాబూ, మాకేటో లంగరు, మీకేటో తెరసాపా?”

అందరూ గొల్లుమన్నారు. అక్క లేచి చీర దులుపుకుని, కోపం లేకుండానే, వస్తామని చెప్పి అందరినీ తీసుకుని వెళ్ళిపోయింది. మా యజమాని మొహం కందగడ్డలా అయిపోయింది. “నిన్ను టైపు కొట్టమన్నానుగానీ ప్లీడరు పని చెయ్యమన్నానా అమ్మాయ్?” అని ఒక్క అరుపు అరిచి లోపలికి పోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సహించలేదు. అమ్మకు చెబితే బెంగపడుతుందని, తలనొప్పి అని పడుకున్నాను.

రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు, ఉత్తరాలన్నీ గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. ఈలోగా హార్బరంతా తిరిగినా అలాంటి షెడ్డు దొరకలేదు. మూడోనాడు గోడకేసి చూస్తూనే కొత్త కాగితం చెప్పడం మొదలుపెట్టాడు. అసలు ఒప్పందం అయ్యేదాకా పాత వ్యాపారుల సరుకు ఎప్పటిలాగే రావచ్చు. షెడ్డు అద్దెకు మాత్రం ఇంకెవరికీ ఇవ్వకూడదు. కంపెనీ షెడ్డు తీసుకున్ననాడు ఆ పన్నెండుమందీ పనిలో ఉండి తీరాలి. చివరి వాక్యం దగ్గర నా వేళ్ళు ఆగిపోతే, ఏం, చెవుడా అన్నాడు. అంతకన్నా తియ్యని తిట్టు నేను మళ్ళీ వినలేదు. తర్వాత, నువ్వే వెళ్ళి వాళ్ళకు చదివి వినిపించు అన్నాడు.

షెడ్డులో నిలబడి చదివాను. చేతులు రొయ్యలు ఒలుస్తూనే ఉన్నాయి, చెవులు మాత్రం నాకు అప్పగించారు. అంతా విన్నాక అక్క చెయ్యి కడుక్కుని వేలు వేసింది. రెండో నెలలో పైదేశం బేరం ఖాయమైంది. ప్లీడరుగారు రాసిన అసలు ఒప్పందం బోలెడన్ని పేజీలు వచ్చింది. ఆనాడు చదివిందే ఇందులో ఉందా అని అక్క నన్ను ఒక్క మాట అడిగింది. ఉందక్కా అన్నాను. వేలు వేసింది. ఆ పన్నెండుమందిలో కొందరు ఆ షెడ్డులోనే పనిచేసి కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశారు.

అప్పటినుంచి అక్క ఇంటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరకే రావలసిందే. రేషను కార్డు, బడి ఫారం, పడవ అప్పు, కరెంటు బిల్లు, ఆఖరికి పెళ్ళి శుభలేఖ కూడా. నా పెళ్ళయింది, కంపెనీ మూతపడింది, షెడ్డూ పోయింది. ఇప్పుడు అందరికీ చదువు వచ్చింది, కాగితాలేమో ఫోనులోకే వచ్చేస్తున్నాయి. ఎంతెంత చదువుకున్నవాళ్ళు కూడా కిందికంటా జరిపేసి, ఒప్పుకున్నాం అని వేలితో నొక్కేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కిందటి నెలలో అక్క కూతురు ఫోను చేసింది. తనూ తన పేట ఆడవాళ్ళూ కలిసి ఎండుచేపల వ్యాపారం పెట్టుకున్నారు. ఒక పెద్ద కంపెనీ వాళ్ళ సరుకంతా కొంటామని ముందు కాగితం పంపించిందట. పంపించమ్మా, చదివి చెబుతాను అని కళ్ళజోడు వెతుక్కుంటూ ఉండగానే ఆ పిల్ల తనే చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదివి, తన భాషలో నాకు చెప్పుకుంటూ పోయింది. రెండో పేజీలో చటుక్కున ఆగింది.

“పిన్నీ, ఇది సూడు. మనం ఆరు నెల్లు ఇంకెవులికీ అమ్మకూడదంట, ఆళ్ళు మాత్రం కొన్నా కొనకపోయినా పర్నేదంట. ఇది మారిత్తేగానీ నాను సంతకం ఎట్టనని సెప్పీసినాను. మారుత్తామన్నారు. నీకోపాలి సెబుదామనే సేసినాను.”

మంచి పని చేశావమ్మా అన్నాను. ఫోను పెట్టేశాక, ఏమైంది, అలా ఉన్నావేం అని మా ఆయన అడిగారు. ఆ ఇంట్లో నా ఉద్యోగం ఇవాళ్టితో అయిపోయిందండీ అని చెప్పి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.