మా అందరి మెయిళ్లకు అక్క నంబరే

నెల్లికుదురులో నెట్ సెంటర్ నడిపిన అక్క చనిపోయింది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఓటీపీ కోసం ఫోన్ చేస్తే తెలిసింది.

భూపాలపల్లి బొగ్గు గనిలో నాది కాంట్రాక్టు పని. బొగ్గు మోసే బెల్టు మీది నుంచి రాలినదాన్ని మళ్లీ బెల్టు మీదికి ఎత్తాలి. అట్లా ఎత్తుతుంటేనే నా ఫోన్ జారి బెల్టు కింద పడి నుగ్గయింది. కొత్త ఫోన్ తీసుకుని మెయిల్ తెరవబోతే నువ్వే అసలు మనిషివని రుజువేంటని అడిగింది. నంబరు పంపిస్తానంది. నా ఫోనుకు కాదు, ఇంకో ఫోనుకు. ఆ ఫోను నంబరులో చివరి రెండంకెలు మాత్రం చూపించింది. చూడగానే అవి అక్కవని గుర్తుపట్టి ఫోన్ చేశాను.

"అక్కా, నంబరొచ్చిందా?"

"అక్క లేదు కొడుకా. నేను దాని తల్లిని."

"యాడికి పోయింది అవ్వా?"

"పోయింది. జ్వరమన్నరు, వరంగల్ తీస్కపొమ్మన్నరు. మొన్ననే దినాలు గూడ చేసినం."

అయినా నంబరు అడిగాను. అడగక ఏం చేయను? నేను దరఖాస్తు పెట్టుకున్న పర్మనెంటు పనికి సోమవారం జనగామలో సర్టిఫికెట్లు చూస్తారట. రమ్మనే కాగితం మెయిల్లో ఉంది. ఆ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకామె, "మెయిల్‌కి పంపించామండీ, చూసుకోండి. అది లేకుండా గేటు దాటనివ్వరు," అని పెట్టేసింది. మెయిల్ తెరుచుకోవడం లేదని చెప్పేలోపే.

"అవ్వా, ఇప్పుడే ఫోనుకు ఒక నంబరొచ్చింది సూడు. జర చదువవా?"

"చదువ. ఫోన్ల ఎవరడిగినా చెప్పొద్దని నా బిడ్డ చెప్పింది."

"నేను తండా పోరన్ని అవ్వా. అక్కకు నేను బాగా ఎరుక."

"అందరు గట్లనే అంటరు," అని ఫోన్ పెట్టేసింది.

ఆ ముసలామె మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కానీ తప్పు పట్టడానికి లేదు. మాకందరికీ అక్క నేర్పిందే అది.

అక్క గురించి మీకు చెప్పాలి. నేను మొదటిసారి ఆ దుకాణం మెట్లెక్కినప్పుడు నాకు మెయిల్ అంటే ఏంటో తెలియదు. కూలికి పోయేవాడికి కూడా మెయిల్ కావాలన్నారు, అందుకే పోయాను. మా తండాలో చాలామందికి మెయిల్ అక్క కంప్యూటర్‌లోనే ఉంటుందని నమ్మకం. హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయినవాళ్లు కూడా మెయిల్ చూసుకోవడానికి బస్సెక్కి నెల్లికుదురు వచ్చేవాళ్లు. వచ్చి, ఖాళీ కుర్చీలుండగా, "నాది కిటికీ కాడి దాంట్ల ఉన్నది," అని నిలబడేవాళ్లు.

అక్క నవ్వేది కాదు. "రేషన్ బియ్యం ఎట్ల తెచ్చుకుంటున్నవ్? పనికి పోయిన ఊర్ల గూడ ఇస్తున్నరు కద. వేలు నీదైతే చాలు. గిది గూడ గంతే, యాడ కూసున్నా నీదే వస్తది," అనేది. ఇంతకంటే బాగా నాకు ఆ సంగతి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

పాస్‌వర్డ్ మాత్రం తను కొట్టేది కాదు. మన వేలితోనే కొట్టించేది. మేము ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే కుర్చీ తిప్పుకుని గోడ దిక్కు చూస్తూ కూర్చునేది. గిరాకీ ఎంతున్నా సరే. వెనక నిలబడ్డవాళ్లు గొణిగితే, "మీరు గూడ గోడ దిక్కు తిరుగుండ్రి," అనేది. ఒకసారి దుకాణంలో ఉన్న మేమందరం గోడకు మొహం పెట్టి నిలబడ్డాం, ఒక్క ముసలాయన తప్ప. ఆయన పాస్‌వర్డ్‌ను పైకి చదువుకుంటూ కొట్టాడు.

కొత్త మెయిల్ చేయగానే తన ఫోన్ నుంచి ఒకటి పంపేది. 'అన్నం తిన్నవా' అని. జవాబు కొట్టేదాకా లేవనిచ్చేది కాదు. లేచేటప్పుడు ఒకటే కేక: "మెయిల్ల నుంచి బయటికొచ్చినవా? చెప్పులిడిసిపోయినట్టు పేరు ఇడిసిపెట్టి పోకు." మా తండా ఆడవాళ్లు వస్తే మా ఇంటి భాష లంబాడీలో నాలుగు మాటలు మాట్లాడేది. అన్నీ తప్పులే. వాళ్లు నవ్వితే తనూ నవ్వేది.

మా అందరి మెయిళ్లకూ తన నంబరే ఎక్కించింది. మాకు సొంత ఫోన్లు లేని రోజులవి. ఉన్నా, ఎవడు సిమ్ము ఊరికే ఇస్తే అది వేసుకునేవాళ్లం. "మీ సిమ్ములకు నమ్మకం లేదు. నేను పెనిమిటిని ఇడిసిన గని ఈ సిమ్మును ఇడువలే," అనేది. అది మంచి పనో చెడ్డ పనో నాకు తెలియదు. అప్పుడు మాకు వేరే దారి లేదు. ఒక మనిషి పోతే ఇంతమంది తలుపులు మూసుకుపోతాయని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆదివారం రెండు బస్సులు మారి నెల్లికుదురు చేరాను. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. అందులో అక్క ఫొటో కంటే కట్టించినవాళ్ల ఫొటోలే పెద్దగా ఉన్నాయి. చింపేద్దామన్నంత కోపం వచ్చింది. దుకాణం షట్టర్ వేసి ఉంది. వెనకాలే ఇల్లు. అవ్వ గడపలో కూర్చుని ఉంది, ఫోన్ ఒళ్లో ఉంది.

"ఫోన్ చేసినోన్ని నేనే అవ్వా."

"నువ్వేనని ఎట్ల నమ్మాలె?"

ఆధార్ కార్డు తీశాను. "నాకు చదువు రాదు, అంకెలే వస్తయి. గది లోపల పెట్టుకో," అంది. కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు పాసువర్డు కొట్టేటప్పుడు నా బిడ్డ యాడ చూసేది?"

"గోడ దిక్కు."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను సద్ది తెస్తే గూడ గోడ దిక్కే చూసుకుంట తినేది," అని ఫోన్ చేతిలోకి తీసుకుంది. "కొట్టు."

కొట్టాను. ఆమె చేతిలో ఫోన్ మోగింది. అంకెలు ఒక్కొక్కటే చెప్పింది, నా వేలు అందుకునేదాకా ఆగి ఆగి. కొత్త ఫోన్‌లో నా మెయిల్ మొత్తం అట్లాగే వచ్చి కూర్చుంది. జనగామ కాగితం అన్నింటికంటే పైనే ఉంది.

ఆ తర్వాత చేయాల్సింది ఒక్కటే. అక్క నంబరు తీసేసి నా నంబరు పెట్టాలి.

"ఇంక ఏం జేస్తున్నవ్?"

"నంబర్ మారుస్తున్న అవ్వా. ఇగ నీకు తక్లీఫ్ ఉండది."

"అంటే నీది ఇగ ఇందుల మోగదా?"

"మోగది."

"నా కొడుకు సిమ్ము బందు పెట్టుమంటుండు. ఎవలెవలో ఫోన్ జేస్తున్నరు, పరేషాన్ అయితున్నవంటడు." ఫోన్‌ను మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. "మోగినప్పుడల్లా దుకాణంల గిరాకీ ఉన్నట్టుంటది బిడ్డా."

ఆ సిమ్ము ఆగిపోతే రేపు ఇంకెవరి చేతికో పోతుంది. మా అందరి తాళాలూ వాడి చేతికి పోతాయి. ఆ మాటే చెప్పాను, మెత్తగా చెప్పడం నాకు రాదు. "అందరు మార్చుకున్నదాక బందు పెట్టియ్యకు అవ్వా. రీఛార్జ్ మేం చేపిస్తం. తండాల అందరికి చెప్త."

"చెప్పు. ఫోన్ల గాదు, వచ్చి అడుగుమని చెప్పు."

నంబరు మార్చాను. మారిందని అక్క ఫోనుకే కబురొచ్చింది. అవ్వ దాన్ని చూసింది.

సోమవారం ఆ కాగితంతో జనగామలో గేటు దాటాను. పని వస్తుందో రాదో ఇంకా తెలియదు. రోజుకు ఎన్నిసార్లు మెయిల్ చూస్తున్నానో నాకే లెక్క లేదు. ఇది చదివేవాళ్లలో అక్క దగ్గర మెయిల్ చేయించుకున్నవాళ్లుంటే తొందరగా నెల్లికుదురు పోండి. మిగతావాళ్లు కూడా మీ మెయిల్‌కు ఎవరి నంబరుందో ఒకసారి చూసుకోండి. ఆ మనిషి బాగున్నారో లేదో కూడా కనుక్కోండి.

ఆదివారం నేను బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేసరికి ఇంకో తండా నుంచి ఒక పిల్ల వచ్చింది, వెంట ఇద్దరు మగవాళ్లు. లోపల సిగ్నల్ అందలేదేమో, అవ్వ ఫోన్ పట్టుకుని దుకాణం ముందుకు వచ్చింది. ఆ మగవాళ్లను దూరం జరగమని చెయ్యి ఊపింది. తర్వాత ఆ పిల్ల భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుని, నోటికి కొంగు అడ్డం పెట్టి, ఒక్కో అంకె చెవిలో చెప్పడం మొదలుపెట్టింది.